దల్లోసీ వీధి: ఒక స్కాట్లండు కోట, ఒక రంగూన్ రోడ్డు

డల్హౌసీ పేరు వినగానే మా తరం వాళ్ళకి గుర్తొచ్చేది సోషల్ పరీక్ష. “రాజ్యసంక్రమణ సిద్ధాంతమును గూర్చి వ్రాయుము” అని ఐదు మార్కుల ప్రశ్న. సతారా, సంబల్‌పూర్, ఝాన్సీ, నాగపూర్ అని వరసపెట్టి రాసేసి, 1857 తిరుగుబాటుకి ఇదొక కారణం అని చివర్లో ఒక వాక్యం తగిలిస్తే నాలుగు మార్కులకి ఢోకా లేదు. ఆ తర్వాత ఆయన్ని మర్చిపోవచ్చు. నేనూ అలాగే మర్చిపోయాను.

ఆ డల్హౌసీకి ఒక ఊరుంటుందని, ఒక కోట ఉంటుందని, ఆ కోట పేరు శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెటూరి ముసలమ్మ నోట్లో బతికి ఉందని అప్పట్లో ఎవరైనా చెబితే నవ్వేసేవాడిని. ఆ ముసలమ్మ మా నానమ్మ. ఈ సంచికలో పిల్లలకి పనికొచ్చేది ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు అడిగితే, ఈ కథే రాద్దామనిపించింది. కోట కథలో కత్తులూ ముట్టడులూ ఉన్నాయి కాబట్టి పిల్లలు చదువుతారు. మిగిలిన సగం పెద్దవాళ్ళ కోసం.

కోటలో ఒక ఆదివారం

2015లో ఒక ప్రాజెక్టు పని మీద ఎడింబరోలో కొన్ని నెలలున్నాం. అక్కడ ఆదివారం ఎండ కాస్తే ఇంట్లో కూర్చోవడం పాపం. అలాంటి ఒక ఆదివారం కారు అద్దెకి తీసుకుని దక్షిణంగా ఓ పదమూడు కిలోమీటర్లు వెళ్ళాం. బానీరిగ్ అనే చిన్న ఊరు దాటాక చెట్ల మధ్య నుంచి ఎర్రటి రాయి కనిపించింది. అదే డల్హౌసీ కోట. సౌత్ ఎస్క్ అనే చిన్న నది ఒడ్డున, కాస్త ఎత్తు మీద ఉంటుంది. ఆ ఎర్ర రాయిని ఏటికి అవతలి గట్టున తవ్వి తెచ్చి కట్టారట.

కోట అంటే మనకి గోల్కొండ గుర్తొస్తుంది. ఎక్కి ఎక్కి కాళ్ళు నొప్పి పుట్టాలి. ఇది అంత పెద్దది కాదు. నాలుగు బురుజులున్న పెద్ద భవంతి అనొచ్చు. ముఖద్వారం పైన గోడలో రెండు పొడవాటి గాడులు ఉన్నాయి. ఒకప్పుడు అగడ్త మీదుగా దించే ఎత్తుడు వంతెన దూలాలు ఆ గాడుల్లోకి వెళ్ళి కూర్చునేవి. ఇప్పుడు అగడ్తా లేదు, వంతెనా లేదు. కోటని హోటలుగా మార్చేశారు. నేలమాళిగలో, ఒకప్పటి చెరసాల పక్కనే, భోజనశాల పెట్టారు. “ఖైదీలకి పెట్టినట్టు పెడతారా ఏంటండీ?” అని మా ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. కోట వెనక తోటలో డేగల్ని, గుడ్లగూబల్ని పెంచుతున్నారు. చేతికి తోలు తొడుగు వేసి దాని మీద ఒక గుడ్లగూబని కూర్చోబెట్టారు. ఆ ఆనందంలో అది చరిత్ర అంతా మర్చిపోయింది. నేను మాత్రం గోడ మీద వేలాడదీసిన వంశవృక్షం చదువుతూ నిలబడ్డాను. డేటాబేసులు రాసి రాసి, తండ్రి కింద కొడుకు, కొడుకు కింద మనవడు అని గీతలు కనిపిస్తే ఆగిపోవడం నాకు అలవాటు.

ఎనిమిది వందల ఏళ్ళ ఒకే ఇల్లు

ఈ కోట రాంసే వంశం వారిది. 12వ శతాబ్దంలో మొదటి డేవిడ్ రాజు ఇంగ్లండు నుంచి స్కాట్లండుకి తనతో తీసుకొచ్చిన వాళ్ళలో సైమన్ డి రాంసే ఒకడు. అంటే వీళ్ళూ వలస వచ్చిన వాళ్ళే! 13వ శతాబ్దంలో ఇక్కడ మొదటి కోట కట్టారు. ఇప్పుడు మనం చూసే గోడల్లో అన్నిటికంటే పాతవి 1450 ప్రాంతానివి.

1298లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు, ఫాల్కిర్క్ దగ్గర విలియం వాలెస్‌తో యుద్ధానికి వెళుతూ ఈ కోటలో బస చేశాడు. 1400లో ఇంగ్లండు రాజు నాలుగో హెన్రీ దండెత్తి వచ్చి ముట్టడించాడు. అప్పటి సర్ అలెగ్జాండర్ రాంసే లొంగలేదు. 1648లో ఆలివర్ క్రామ్‌వెల్ ఇక్కడ మకాం వేసి ఉత్తరాలు రాశాడు. 1633లో ఈ వంశానికి ఎర్ల్ ఆఫ్ డల్హౌసీ అనే బిరుదు వచ్చింది.

పిల్లలకి చెప్పాల్సింది ఇంకో అలెగ్జాండర్ రాంసే కథ. 14వ శతాబ్దం వాడు. 1338లో డన్‌బార్ కోటని ఇంగ్లీషు సైన్యం నెలల తరబడి చుట్టుముట్టింది. లోపల ఉన్నది ఆగ్నెస్ అనే రాణివాసపు స్త్రీ. భర్త ఊళ్ళో లేడు. శత్రువులు రాళ్ళు విసిరితే ఆవిడ చెలికత్తెల చేత గోడల మీద దుమ్ము గుడ్డలతో దులిపించేదట! తిండి గింజలు అయిపోయే సమయానికి రాంసే రాత్రిపూట పడవల మీద సముద్రం వైపు నుంచి సామాన్లు చేరవేశాడు. ముట్టడి ఎత్తేశారు. అంత సాహసం చేసినవాడి చావు మాత్రం దారుణం. పదవి మీద అసూయతో విలియం డగ్లస్ అనే సాటి స్కాట్లండు ప్రభువే 1342లో అతన్ని హెర్మిటేజ్ కోటలో బంధించి ఆకలితో చంపాడు. పైనున్న గాదె పగుళ్ళలోంచి రాలిన గింజలు ఏరుకు తింటూ పదిహేడు రోజులు బతికాడని కథగా చెప్పుకుంటారు.

మనకి ఉద్యోగం మారితే ఇల్లు మారుతుంది. 2009 నుంచి ఇప్పటిదాకా నేను ఏడు ఇళ్ళు మారాను. వీళ్ళు మాత్రం ఒకే కోటని ఎనిమిది వందల ఏళ్ళు ఉంచుకున్నారు. 20వ శతాబ్దం మొదట్లో కుటుంబం బ్రీకిన్ అనే ఊళ్ళోని తమ మరో కోటకి మారింది. తర్వాత డల్హౌసీ కోటలో కొన్నేళ్ళు మగపిల్లల బడి నడిచింది. 1972లో హోటలైంది. 1977లో అమ్మేశారు.

తినకూడని పండు

ఈ కోటకి వియ్యాల వారి ఇల్లు ఒకటుంది. హాడింగ్టన్ దగ్గర కోల్‌స్టన్ హౌస్. బ్రౌన్ అనే వంశం వారి గొప్ప లోగిలి. మన డల్హౌసీ తల్లి క్రిస్టియన్ బ్రౌన్ ఆ ఇంటి వారసురాలు. అందుకే ఆయన పూర్తి పేరు జేమ్స్ ఆండ్రూ బ్రౌన్ రాంసే.

ఆ ఇంట్లో ఒక పియరు పండు ఉంది. 13వ శతాబ్దంలో హ్యూగో గిఫర్డ్ అనే ప్రభువుకి మంత్రాలు వచ్చని పేరు. ఆయన కూతురు పెళ్ళయి బ్రౌన్‌ల ఇంటికి వెళుతుంటే, దారిలో చెట్టు మీది పియరు పండు కోసి చేతిలో పెట్టి, “ఇది చెడకుండా ఉన్నంతకాలం మీ ఇంటికి లోటు ఉండదు” అన్నాడట. వాళ్ళు దాన్ని వెండి పెట్టెలో దాచారు. 17వ శతాబ్దం చివర్లో ఆ ఇంటికొచ్చిన ఒక కొత్త కోడలు ఉండబట్టలేక కొరికింది. ఆ వెంటనే అప్పులు, ఆస్తి అమ్మకాలు, నీళ్ళలో పడి చావులు. పండు మాత్రం, పంటి గాటుతో సహా, రాయిలా గట్టిపడి ఇప్పటికీ ఉందంటారు.

మహత్యం సంగతి ఎలా ఉన్నా, నన్ను పట్టుకున్నది ఇంకో విషయం. ఒక ఎండిపోయిన పండుని ఏడు వందల ఏళ్ళు దాచారు! పెట్టె మార్చలేదు, పారేయలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఊళ్ళు మారిన పిల్లవాడు

జేమ్స్ డల్హౌసీ 1812 ఏప్రిల్ 22న ఆ కోటలోనే పుట్టాడు. తండ్రి సైన్యాధికారి, తర్వాత కెనడాలో గవర్నరు. హాలిఫాక్స్‌లోని డల్హౌసీ యూనివర్సిటీ 1818లో ఆ తండ్రి స్థాపించిందే. కాబట్టి పిల్లవాడి చిన్నతనంలో కొన్నేళ్ళు కెనడాలో గడిచాయి. తర్వాత హారో స్కూలు, ఆక్స్‌ఫర్డ్. మన పిల్లల్లాగే నాన్న ఉద్యోగం వెంట తిరిగిన పిల్లవాడన్నమాట.

1848 జనవరిలో, 35 ఏళ్ళ వయసులో, గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. ఎనిమిదేళ్ళలో ఆయన చేసినవి చూస్తే ఒకే మనిషి చేశాడంటే నమ్మబుద్ధి కాదు. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకి మొదటి ప్రయాణికుల రైలు. టెలిగ్రాఫ్ తీగలు. 1854లో దేశమంతా ఎంత దూరమైనా ఒకే ధర, అర్ధణా స్టాంపు. ఆ స్టాంపు లేకపోతే మన తాతముత్తాతల ఉత్తరాలు ఇళ్ళు చేరేవి కావు.

ఇంకో చేత్తో ఆయన రాజ్యాలు కలిపేసుకున్నాడు. వారసుడు లేడని సతారా, ఝాన్సీ, నాగపూర్. పరిపాలన బాగాలేదని 1856లో అవధ్. సైన్యం ఖర్చుల బాకీ కింద 1853లో నిజాం దగ్గర్నుంచి బేరారు. పరీక్షలో రాసిన జాబితా ఇదే. అందులో మనం రాయనిది ఒకటుంది: 1852లో దిగువ బర్మా.

ఆ ఎనిమిదేళ్ళ పనికి ఆయనే పెద్ద మూల్యం చెల్లించాడు. జబ్బుపడిన భార్య 1853లో స్వదేశానికి వెళుతూ ఓడలోనే చనిపోయింది. 1856లో చంకకర్రల మీద కలకత్తా వదిలాడు. 1860 డిసెంబరు 19న, పుట్టిన కోటలోనే, 48 ఏళ్ళకే కన్ను మూశాడు. కొడుకులు లేరు. మార్క్విస్ అన్న ఆయన బిరుదు ఆయనతోనే పోయింది. వారసులు లేరని రాజ్యాలు తీసేసుకున్న మనిషికి బిరుదు అందుకునే వారసుడు లేకపోయాడు!

వెయ్యి పౌండ్ల లోపు తగువు

ఇక మన ఊరికి వద్దాం. 1851లో రంగూన్ రేవులో ఇద్దరు బ్రిటిష్ ఓడ కెప్టెన్లకి ఇక్కడి గవర్నరు జరిమానా వేశాడు. వాళ్ళు కలకత్తాకి ఫిర్యాదు చేశారు. వాళ్ళు అడిగిన నష్టపరిహారం మొత్తం వెయ్యి పౌండ్ల లోపే. మాట్లాడి రమ్మని పంపిన నౌకాదళాధికారి మాటలకి బదులు రేవు దిగ్బంధం చేశాడు. చిలికి చిలికి గాలివానై, 1852 ఏప్రిల్ 14న ష్వేడగోన్ పగోడా కొండ ఇంగ్లీషు సైన్యం చేతికి వచ్చింది. ఆ ఏడు డిసెంబరు 20న పెగూ ప్రాంతం మొత్తం కంపెనీ రాజ్యంలో కలిసిపోయిందని డల్హౌసీ ప్రకటన చేశాడు. ఇంత చిన్న తగువుకి ఇంత యుద్ధమా అని 1853లో రిచర్డ్ కాబ్డెన్ అనే పార్లమెంటు సభ్యుడు లండన్‌లో ఒక పుస్తకమే అచ్చు వేశాడు.

ఆ యుద్ధానికి వచ్చిన దళాల్లో మద్రాసు సైన్యం కూడా ఉంది. ఆ సైన్యంలో మన ఉత్తర సర్కారుల నుంచి చేరిన తెలుగు సిపాయిలు ఉండేవారు.

తర్వాత ఊరుని కొత్తగా గీశారు. మాంట్‌గోమరీ అనే వైద్యుడు మొదట ఒక ఆలోచన చెప్పాడు, ఫ్రేజర్ అనే ఇంజనీరు దాన్ని పటం మీద పెట్టాడు. సులే పగోడాని నడిమధ్యలో ఉంచి, నదికి సమాంతరంగా పెద్ద వీధులు, అడ్డంగా నంబర్లున్న సన్నటి సందులు. ఎక్సెల్ షీటులాగా! డౌన్‌టౌన్‌లో ఎవరూ దారి తప్పకపోవడానికి కారణం అదే. పెద్ద వీధుల్లో ఒకదానికి ఫ్రేజర్ పేరు పెట్టారు, అది ఇవాళ్టి అనవ్రథ రోడ్డు. సులే పగోడా పక్కనుంచి ఊరు పొడుగునా సాగే వీధికి గవర్నర్ జనరల్ గారి పేరు: డల్హౌసీ స్ట్రీట్. ఇవాళ మనం మహాబందూల రోడ్డు అంటున్నది అదే.

బందూల ఎవరో పిల్లలకి చెప్పండి. మొదటి ఆంగ్లో బర్మా యుద్ధంలో బర్మా సేనాధిపతి. 1825 ఏప్రిల్ 1న దనుబ్యూ దగ్గర యుద్ధంలో చనిపోయాడు. స్వాతంత్ర్యం వచ్చాక గెలిచిన వాళ్ళ పేరు తీసి, వాళ్ళతో పోరాడి ప్రాణమిచ్చిన వాడి పేరు పెట్టుకున్నారు.

పటం మీద ఒక పేరు

మేం 2018లో యాంగూన్ వచ్చాం. ఆ మరుసటి ఏడు డిసెంబరులో, చలి అని చెప్పుకోడానికి వీలుగా గాలి కాస్త చల్లబడిన ఒక సాయంత్రం, పన్సొడాన్ వీధిలో పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు చూస్తున్నాను. పాత రంగూన్ పటం నకలు ఒకటి దొరికింది. ఇంటికొచ్చి ఫోటో తీసి, శ్రీకాకుళంలో ఉన్న నాన్నగారికి వాట్సాప్‌లో పంపాను. “నాన్నా, చూడండి, స్కాట్లండులో మేం చూసిన కోట పేరు ఇక్కడ రోడ్డుకి ఉండేదట, డల్హౌసీ” అని.

రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

“ఒరేయ్, ఇది మీ నానమ్మ దల్లోసీ కాదట్రా?”

నాకు కాసేపు మాట రాలేదు.

మా నానమ్మ తండ్రి, అంటే నాకు ముత్తాత, రంగం వెళ్ళాడు. మా వైపు రంగూన్‌ని రంగం అనేవారు. ఇంట్లో అప్పు పెరిగితే రంగం, కరువొస్తే రంగం, అన్నదమ్ములు గొడవపడితే రంగం. ఆయన వెళ్ళేనాటికి నానమ్మకి మూడేళ్ళు. అప్పుడప్పుడు మనియార్డరు వచ్చేదట. 1941 దసరాకి ఒక కార్డు వచ్చింది. తర్వాత ఇంకేమీ రాలేదు. ఆ తర్వాత మనిషి కూడా రాలేదు. మా చిన్నప్పుడు నానమ్మ మధ్యాహ్నం పూట చింతపండు గింజలు తీస్తూ, “మా అయ్య దల్లోసీ ఈదిలో ఉండీవోడు” అనేది. దల్లోసీ అంటే ఏమిటో ఎవరికీ తెలీదు. మేం నవ్వేవాళ్ళం. ఏదో బర్మా ఊరి పేరనుకున్నాం.

ఆ కార్డు ఆవిడ ట్రంకు పెట్టెలో ఉండేది. ఒకవైపు అడ్రసు ఇంగ్లీషులో, ఎవరిచేతో రాయించింది. 2002లో, నేను ఎం.సి.ఏ. ఆఖరి సంవత్సరంలో ఉండగా, మా పెంకుటిల్లు తీసి స్లాబు వేశాం. సామాన్లు సర్దే పని నాది. ట్రంకులో కాయితాలు చెదలు పట్టి ఉన్నాయి. తీసుకెళ్ళి పెరట్లో తగలబెట్టాను. అందులో ఏముందో చూడలేదు. కంప్యూటర్లలో మాస్టర్స్ చదువుతున్నవాడిని, ప్రోగ్రాం రాసిన ప్రతిసారీ బ్యాకప్ తీసుకునేవాడిని. రెండేళ్ళకి నానమ్మ పోయింది. కార్డు సంగతి నన్ను ఒక్క మాట అనలేదు. ఆవిడ దాని కోసం వెతికిందని మా అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది.

దల్లోసీ వీధిలో మనవాళ్ళు

ఆ ఫోన్ తర్వాత నేను చదవడం మొదలుపెట్టాను. స్కాట్లండుకీ రంగూన్‌కీ ఉన్న లంకె ఒక్క పేరుతో ఆగలేదు. ఐరావతీ నది మీద నౌకలు నడిపిన ఇరవాడీ ఫ్లోటిల్లా కంపెనీ 1865లో గ్లాస్గో వాళ్ళు పెట్టింది. బర్మా ఆయిల్ కంపెనీ 1886లో గ్లాస్గోలో పుట్టింది. మన వాళ్ళని కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి ఇక్కడికి చేర్చిన బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలు? వాటి స్థాపకుడు విలియం మకినన్ కూడా స్కాట్లండు వాడే.

ఆ ఓడల డెక్కు మీద మనవాళ్ళు వచ్చారు. మేస్త్రీ ఊళ్ళోనే అడ్వాన్సు ఇచ్చి ఓడెక్కించేవాడు. ఇక్కడ దిగాక ఆ అప్పు కూలిలో కోసుకునేవాడు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద ఇక్కడ మనవాళ్ళని కోరంగీలు అనేవారు. రేవులో బియ్యం బస్తాలు మోసింది, రైసు మిల్లుల్లో చెమటోడ్చింది, రిక్షాలు లాగింది ఎక్కువగా తెలుగువాళ్ళే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం సుమారు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులు.

మహాబందూల రోడ్డు పక్క సందులో ఒక టీకొట్టు దగ్గర నాకు ఒక పెద్దాయన పరిచయమయ్యారు. ఇక్కడే పుట్టారు, ఎప్పుడూ ఇండియా చూడలేదు. ఆయన తెలుగు వింటే మా ఊరి సంతలో నిలబడ్డట్టుంటుంది. “మా నాయన చెప్పీవోడు బాబూ, ఒక గదిలో ముప్పై మంది. రేత్రి పని చేసినోడు పగులు తొంగునీవోడు, పగులు చేసినోడు రేత్రి. చాప ఒకటే, ఆరదు” అన్నారు. కోటలో చూసిన చెరసాల నాకు అప్పుడు గుర్తొచ్చింది.

1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని తెచ్చి పనిలో పెట్టారు. సమ్మె ముగిసి మనవాళ్ళు తిరిగి రాగానే బర్మా వాళ్ళని పొమ్మన్నారు. రెండువైపులా ఆకలే. కొట్లాటలు ఊరంతా పాకి, వందమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది మనవాళ్ళే. ఈ సంగతి చదివాక నాకు ఎవరిమీదా ఒక్కవైపు కోపం రాలేదు. పేదవాడికీ పేదవాడికీ మధ్య జరిగిన తగువది, అందులో లాభం ఎవరిదో ఇద్దరికీ తెలీదు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు పక్క వీధుల్లో చాలామంది పోయారు. 1942 మార్చిలో ఊరు జపాను వశమైంది. సుమారు నాలుగైదు లక్షల మంది భారతీయులు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచి వెళ్ళారు. దారిలో జ్వరాలతో, ఆకలితో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. మా ముత్తాత బాంబుల్లో పోయాడో, దారిలో పోయాడో, ఇక్కడే ఇంకో జీవితం మొదలుపెట్టాడో, చెప్పేవాళ్ళు లేరు. 1960లలో వ్యాపారాలు జాతీయం చేశాక మిగిలిన వాళ్ళలోనూ లక్షల మంది తిరిగి వెళ్ళారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట అలా వచ్చిందే.

ఏ నంబరు సందు?

మర్నాడే అమ్మాయిని, చిన్నవాడిని తీసుకుని మహాబందూల రోడ్డు మొత్తం నడిచాను. మీరూ ఒక ఆదివారం పొద్దున్నే నడవండి. సులే పగోడా దగ్గర మొదలుపెట్టండి. పక్కన సిటీ హాలు, ఎదురుగా మహాబందూల పార్కు, మధ్యలో స్వాతంత్ర్య స్తంభం. ఒకప్పుడు ఆ పార్కులో విక్టోరియా రాణి విగ్రహం ఉండేది. తూర్పుకి నడిస్తే ఎర్ర ఇటుకల సెక్రటేరియట్. 1947 జూలై 19న జనరల్ ఆంగ్ సాన్‌ని, ఆయన సహచరులని కాల్చి చంపింది అక్కడే. పడమర వైపు నంబర్ల సందులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. తలెత్తి చూస్తే కొన్ని పాత మేడల మీద కట్టిన సంవత్సరం కనిపిస్తుంది. పిల్లల చేత 1941 కంటే పాతవి లెక్క పెట్టించండి, బాగా ఆడతారు.

మా వాళ్ళూ లెక్క పెట్టారు. చివరికి అమ్మాయి ఒక సందు మొదట్లో ఆగి అడిగింది.

“నాన్నా, పెద్ద తాతగారి ఇల్లు ఏ నంబరు సందు?”

కార్డు మీద ఉండేది ఆ నంబరే. వీధి దొరికింది గానీ సందు దొరకలేదు. పెరట్లో నేను చేసిన పని దానికి చెప్పాను. అది కాసేపు ఆలోచించి, “అయితే అన్ని సందులూ చూద్దాం” అంది. చూశాం. చిన్నవాడు సగం దారిలో నా భుజం ఎక్కాడు.

డల్హౌసీ కోటలో గోడ మీద సైమన్ డి రాంసే నుంచి ఇటు దాకా వరసగా పేర్లున్నాయి. కోల్‌స్టన్‌లో పండు ఉంది. వాళ్ళు గొప్పవాళ్ళు కాబట్టి మిగిలాయని మొదట్లో అనుకున్నాను. నిజమే, వెండి పెట్టె అందరికీ ఉండదు. కానీ మా ఇంట్లో కూడా ఒక ట్రంకు పెట్టె ఉండేది. అరవై ఏళ్ళు అక్షరం రాని మనిషి దాచింది. చదువుకున్నవాడు పారేశాడు.

మన సంఘంలో ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ ఇళ్ళలో కూడా ఎవరో ఒకరు రంగం వెళ్ళే ఉంటారు. ఈసారి ఊరెళ్ళినప్పుడు అటక మీద చూడండి. పాత కార్డులుంటే స్టాంపు కోసం చింపకండి, అడ్రసున్న వైపు కూడా ఫోటో తీయండి. కాగితం లేకపోతే పెద్దవాళ్ళని అడగండి. వాళ్ళ నోట్లోంచి అర్థంకాని పేరు వస్తే దిద్దకుండా, నవ్వకుండా, వినిపించింది వినిపించినట్టు రాసుకోండి. తర్వాత సమావేశానికి పట్టుకురండి. పాత పటం నా దగ్గరుంది. ఏ వీధో కలిసి వెతుకుదాం.